చీకటి మధ్యాహ్నంలో ఎర్ర వెలుగు

మద్రాసు మెయిలు వాల్తేరు స్టేషనుకు వచ్చేసరికి సాయంత్రమైంది. నవంబరు నెల. ప్లాట్‌ఫారం మీద మా వెంట మూడు పెట్టెలున్నాయి. రెండింటిలో బట్టలు, మూడోదానిలో ఫొటోమీటరు. ఆకాశంలో కంటికి ఆనీ ఆనని మసక వెలుగుల్ని కొలిచే పరికరం అది. రెండేళ్ళు తంటాలు పడి మా లేబొరేటరీలో తయారుచేసుకున్నాం. దాన్ని పాత దుప్పట్లలో చుట్టి, టేకు పెట్టెలో దింపి, మేకులు కొట్టించాం.

మేము అంటే నేనూ, అప్పలరాజూ. విశాఖపట్నంలో ఇద్దరం ఒకే చోట ఫిజిక్సు పాఠాలు చెబుతాం. ఎమ్మెస్సీలో ఒకే బెంచీ. మాది ఆ ఊరి పాతపట్నంలో క్రైస్తవ కుటుంబం. మా నాన్నగారు పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. రాజు వాళ్ళది జాలరిపేట, తరతరాలుగా సముద్రంలో వేట. చుట్టరికం లేకపోయినా మొదటి నుంచీ ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం. రాజుకి తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్న పోలయ్యే పెంచాడు. మొదట తెప్ప మీద, తర్వాత నలుగురితో కలిసి వాటాకి కొన్న మరపడవ మీద వేటకెళ్ళి తమ్ముణ్ణి చదివించాడు.

ఆ పోలయ్యే మమ్మల్ని సాగనంపడానికి వచ్చాడు. చేతిలో గుడ్డమూట ఒకటి ఉంది. ఎండుచేపల వాసన మూటకన్నా ముందే వచ్చింది.

“అక్కడేటి తింతారో ఏటో. మీ వొదిన ఎండు నెత్తళ్ళు కట్టింది,” అని తమ్ముడి చేతిలో పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “మాస్టారూ, ఆడికి సలి పడదు. సిన్నప్పుడు దగ్గుతోటి సచ్చి బతికినాడు. కాస్త సూడండి,” అన్నాడు.

చూస్తానని మాటిచ్చాను. మా ఆవిడ గ్రేస్ పూర్ణా మార్కెట్లో వెతికి వెతికి కొన్న మంకీ క్యాపులు రెండూ చూపించాను. పోలయ్య వాటిని వేళ్ళతో నలిపి చూశాడుగాని, నమ్మకం కలిగినట్టు లేదు.

మెయిలు కదిలింది. మా ఎదుటి సీట్లో రాజమండ్రి వరకు వెళ్ళే సర్వేయరు ఒకాయన కూర్చున్నాడు. కూర్మన్నపాలెం అవతల ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకున్న భూములు కొలిచే పనిలో ఉన్నానని చెప్పాడు. తుని దాటేవరకు మేం ఎవరి పెళ్ళికి వెళ్తున్నామని అడుగుతూనే ఉన్నాడు. చివరికి రాజు ఉన్న సంగతి చెప్పాడు. ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఒక దీవికి వెళ్తున్నాం, అక్కడ ఈ కాలంలో సూర్యుడు ఉదయించడు, ఆ చీకట్లో పగటిపూట ఆకాశంలో వచ్చే అరోరా వెలుగుని చూడాలి.

సర్వేయరు అంతా విని, “అంటే పగలు చీకటిగా ఉండే ఊరికి వెలుగు చూడ్డానికి వెళ్తున్నారన్నమాట,” అన్నాడు.

ఆ తర్వాత మా పని గురించి ఎవరు అడిగినా నేను ఆయన మాటే చెప్పాను. అంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

అయినా ఇది చదివేవారికి ఇంకొంచెం చెప్పాలి. సూర్యుడి నుంచి వెలుగు ఒక్కటే కాదు, విద్యుత్తు నిండిన సన్నటి కణాలు కూడా గాలిలా వీస్తూ ఉంటాయి. భూమికున్న అయస్కాంత శక్తి వాటిని పక్కకు మళ్ళిస్తుంది. అందరూ ఫొటోల్లో చూసే రాత్రి అరోరా, ఆ కణాలు భూమి వెనక్కి చుట్టు తిరిగి వచ్చి పడడం వల్ల పుడుతుంది. కాని సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు, ధ్రువాల దగ్గర, ఆ అయస్కాంత గోడకి గరాటులాంటి సందు ఒకటుంది. అందులోంచి కణాలు నేరుగా లోపలికి దిగుతాయి. దిగినచోట పై గాలి ఎర్రగా వెలుగుతుంది. అదే పగటి అరోరా. ఎండలో కనబడదు కనుక, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే చోటికి పోయి చూడాలి. అలాంటి చోట్లలో మనిషి విమానం దిగి నడిచి వెళ్ళగలిగేవి భూమ్మీద చాలా తక్కువ. నార్వేకి ఉత్తరాన ఉన్న స్పిట్స్‌బెర్గెన్ దీవి వాటిలో ఒకటి.

అక్కడ ఒక శీతాకాలం కలిసి పనిచేద్దామని నార్వే నుంచి కారి అనే శాస్త్రవేత్త మా విభాగానికి ఆహ్వానం పంపింది. ధ్రువాల మీదుగా తిరిగే ఒక ఉపగ్రహం ఆ కణాల్ని లెక్కపెడుతూ పోతుంది. అదే క్షణంలో కింద నిలబడి వెలుగును కొలిచేవాళ్ళు కావాలి. ఉపగ్రహానికి కణాలు తెలుస్తాయి, వెలుగు తెలియదు. కింద ఉన్నవాడికి వెలుగు తెలుస్తుంది, దేనివల్ల వచ్చిందో తెలియదు. రెండు కొలతలూ కలిస్తేనే సంగతి తేలుతుంది. ఎరుపును కొలిచే పరికరం మా దగ్గర ఉంది కాబట్టి మమ్మల్ని పిలిచారు.

మర్నాడు పొద్దున్నే మద్రాసులో దిగాం. స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ, కాఫీ కానిచ్చి, మధ్యాహ్నం విమానంలో బొంబాయి చేరాం. మీలో ఎవరైనా ఇలాంటి పరికరం పట్టుకుని వెళ్తే కస్టమ్సు కాగితాలు పైజేబులో పెట్టుకోండి. బొంబాయిలో పెట్టె మేకులు పీకించారు. అధికారి ఆ గొట్టంలోకి ఒక కన్నుపెట్టి చూసి, ఏమీ కనబడ్డం లేదన్నాడు. కనబడకపోతేనే అది బాగున్నట్టని రాజు చెబితే నవ్వి ముద్ర వేశాడు. ఫ్రాంక్‌ఫర్టులో విమానం మారి ఓస్లో చేరేసరికి నాకు ఏ పూట ఏం తిన్నానో గుర్తు లేదు. అక్కడి కస్టమ్సువారికి పెట్టెకన్నా మూట మీద అనుమానం వచ్చింది. ఒక కుర్ర అధికారి ముడి విప్పి, వాసన చూసి, అవతలి బల్ల దగ్గరున్న పెద్దాయన్ని పిలిచాడు. ఆయన ఒక ఎండుచేప తీసి, విరిచి, మళ్ళీ జాగ్రత్తగా మూటలో పెట్టి ముడి వేశాడు. మా వైపు వాళ్ళూ చేపలు ఎండబెడతారు, ఇంకా పెద్దవి, అన్నాడు.

ఓస్లో నుంచి ట్రోమ్సోకి విమానం. అక్కడ కారి ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, పొడగరి, మాటలు తక్కువ. మా కోట్లు చూసి ఏమీ అనకుండా నేరుగా ఒక దుకాణానికి తీసుకుపోయి, గొర్రె ఉన్ని లోపలి బట్టలు, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు ఇప్పించింది. మంకీ క్యాపులు మాత్రం ఉంచుకోమంది. ఆ రాత్రి అక్కడ పడుకుని, పొద్దున కారితో కలిసి ముగ్గురం చిన్న విమానంలో దీవికి బయలుదేరాం. ట్రోమ్సో దాటాక దక్షిణాన కాసేపు నారింజ రంగు గీత కనిపించింది. తర్వాత అది సన్నబడి పోయింది. మళ్ళీ నెల పైచిలుకు మేం సూర్యుణ్ణి చూడలేదు.

దిగిన ఊరు పేరు లాంగ్‌ఇయర్‌బ్యెన్. బొగ్గు గనుల ఊరు. రెండు కొండల మధ్య వీధి, దీపాలు, మంచు, పైన తీగల మీద బొగ్గు మోసుకుపోయే తొట్లు. గని పనివాళ్ళ మెస్సులో మాకు భోజనం, ఆ పక్కనే గది. ఉడికించిన బంగాళాదుంపలు, చేప, రొట్టె. కారం తప్ప అన్నీ ఉన్నాయి. గ్రేస్ పెట్టిన గోంగూర పచ్చడి సీసా మొదటి వారంలోనే ఖాళీ అయింది.

పరికరాలు పెట్టిన చెక్కగది ఊరికి దూరంగా లోయలో ఉంది. అక్కడ దీపాల వెలుగు పడదు. మంచు మీద నడిచే గొలుసు చక్రాల బండిలో పోవాలి, తెల్ల ఎలుగుల భయానికి తుపాకీ ఒకటి ఎప్పుడూ వెంట ఉండాలి. గది కప్పులో గాజు కిటికీ. దాని కింద మా ఫొటోమీటరు. దాని అద్దం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతూ ఆకాశాన్ని తుడిచినట్టు చూస్తుంది, కలం కాగితం మీద గీత గీస్తుంది. పక్కన భూమి అయస్కాంతం ఊగిసలాటల్ని గీసే ఇంకో కలం ఉంది. అది కదిలిందంటే పైన ఏదో జరుగుతోందన్నమాట.

చేరినప్పటి నుంచీ మబ్బే. చంద్రుడు లేని రోజులు కొన్నే ఉంటాయి. అక్కడ శీతాకాలంలో నిండు చంద్రుడు రోజుల తరబడి అస్తమించడు, ఆ వెన్నెల్లో మా ఎరుపు కలిసిపోతుంది. అందుకని అమావాస్యకి ఇటూ అటూ ఉన్న రోజులే మావి. అవి మబ్బు వెనక ఒక్కొక్కటే పోతున్నాయి. రోజూ పొద్దున లోయకి వెళ్ళడం, కప్పు మీద మంచు ఊడ్చడం, మధ్యాహ్నం దాటాక వట్టి చేతులతో మెస్సుకు రావడం. రాజు చలికి బాగానే తట్టుకున్నాడు. దగ్గు పట్టింది నాకు.

విమానం వచ్చే రోజు తప్ప ఆ ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం రేడియో ఒక్కటే, టెలిగ్రాములు కూడా ట్రోమ్సో నుంచి దాని మీదే రావాలి. మెస్సుకు ఎదురుగా కొండ వాలులో రేడియో ఆఫీసు, దానిలో ఆర్నే అనే ఆపరేటరు. ఒకప్పుడు ఓడల మీద పనిచేశాడు. మా ఊరి రేవుకి ఒకసారి ఇనుప ఖనిజం కోసం వచ్చాడట. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసు గుర్తుందన్నాడు. ఆ ఒక్క మాటతో రాజు అతనికి స్నేహితుడైపోయాడు. సాయంత్రాలు అక్కడే కూర్చుని కాఫీ తాగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆర్నే మెస్సుకు వచ్చి, రాజు దగ్గరకు కాకుండా నా దగ్గరకు వచ్చాడు. నా పేర టెలిగ్రాం ఉంది. గ్రేస్ ఇచ్చింది. వాయుగుండం పట్టిందని, పోలయ్య వెళ్ళిన పడవ తిరిగి రాలేదని, వెతుకుతున్నారని, మళ్ళీ కబురు చేస్తానని అందులో ఉంది.

రాజు బల్లకి అటు పక్క రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. దాచి లాభం లేదు. కాగితం అతని ముందు పెట్టాను. చదివి, చాకు కింద పెట్టి, విమానం ఎప్పుడని అడిగాడు. కారి అప్పటికే లేచి కనుక్కోవడానికి వెళ్ళింది. వచ్చి, తర్వాతి విమానం నాలుగు రోజులకి ఉందని, దానిలో మొదటి సీటు రాజుదేనని, ఖర్చు గురించి ఆలోచించొద్దని చెప్పింది.

గదికి వచ్చాక రాజు పెట్టె తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టి, సగంలో ఆపాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “ఎల్లి నానేటి సేత్తాను బావా? నానెల్లేసరికి ఆడొచ్చయినా ఉంటాడు, లేకపోతే...”

మిగిలింది అనలేదు. నేనూ అననివ్వలేదు. పోలయ్య ఎన్ని వాయుగుండాలు చూసుంటాడో తలచుకోమన్నాను. తలచుకుంటూనే ఉన్నానన్నాడు. సాయంత్రం రేడియో ఆఫీసుకు పోయి ఆర్నే పక్కన కూర్చున్నాడు. నేను గ్రేస్‌కి తిరుగు టెలిగ్రాం పంపాను. ఆ రోజు ఏ కబురూ రాలేదు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి కిటికీలో చుక్కలు. మబ్బు మొత్తం తెల్లవారేలోగా ఊడ్చిపెట్టుకు పోయింది. తెల్లవారడం అనే మాట అలవాటు చొప్పున రాస్తున్నాను. కారి అప్పటికే లోయకి ఒకసారి పోయి వచ్చి, మళ్ళీ బండి సిద్ధం చేసింది. ఆ రోజు పది దాటాక ఉపగ్రహం దాదాపు మా నెత్తి మీదుగా పోతుంది. అంత దగ్గరగా పోయే రోజు మళ్ళీ మేమున్నంత కాలంలో లేదు. అయస్కాంతం కలం అప్పుడే ఊగడం మొదలుపెట్టిందని చెప్పింది.

నేను ముందు రేడియో ఆఫీసుకు వెళ్ళాను. ఆర్నే చెవులకి తగిలించుకున్నవి తీసి నాకిచ్చాడు. వేయించే మూకుడులోలాగా చిటపట, అంతే. ట్రోమ్సో స్టేషను పోయింది, అన్ని బ్యాండులూ పోయాయి అన్నాడు. రాజు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రాత్రి అక్కడే కునుకు తీసినట్టుంది.

ఎందుకు పోయిందో అక్కడ అందరికన్నా బాగా తెలిసింది అతనికే. అరోరా జోరుగా ఉన్నప్పుడు కొన్ని కణాలు ఇంకా కిందికి దిగి, రేడియో తరంగాల్ని మింగేస్తాయి. రాజు మూడేళ్ళు దాని మీదే పనిచేసి డాక్టరేటు తీసుకున్నాడు. మేం దేనికోసం సముద్రాలు దాటి వచ్చామో అదే అన్న కబురు రాకుండా అడ్డం పడింది. అది ఎంత బాగా వస్తే కబురు అంత ఆలస్యం.

“అక్కడ కలం ఊగుతాంటే కారి మొహం సూసేవా? పండగే,” అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

నువ్వు ఇక్కడే ఉండు, ఎలాగో నడిపిస్తాం అన్నాను. కారి కూడా వచ్చి అదే చెప్పింది. నిజానికి అతను లేకపోతే నడవదు. మా కాగితం మీద గీతకి సెకన్లు సరిగ్గా గుర్తు పెట్టకపోతే ఉపగ్రహం లెక్కతో కలపడానికి వీలుండదు. మామూలుగా టైము గుర్తులు రేడియోలో వచ్చేవి. రేడియో పోయింది కాబట్టి, ఉన్న ఒక్క క్రోనోమీటరు గడియారాన్ని చూస్తూ ఒకరు సెకన్లు పైకి చదవాలి, ఇంకొకరు కలంతో గుర్తులు కొట్టాలి, కారి అద్దం చూసుకోవాలి. ఉన్నది ముగ్గురమే.

రాజు లేచి కోటు వేసుకున్నాడు. “రేడియో బతికేదాకా ఈడ నాకేటి పని? పద.”

బండెక్కి లోయకి చేరాం. గదిలో గడియారం ముందు కూర్చుని రాజు అంకెలు చదవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఒకే గొంతుతో, ఎక్కడా తొందర లేకుండా. నేను గుర్తులు కొడుతున్నాను. కాసేపటికి కారి కప్పు కిటికీలోంచి చూసి, నన్ను చెయ్యి పట్టి లేపి, కలం తను అందుకుంది. ఒక్క నిమిషం బయటికి పోయి చూడమంది.

పగలు పది దాటింది. మా ఊళ్ళో ఆ వేళకి మధ్యాహ్నం రెండున్నర, బీచ్ రోడ్డు మీద ఎండ చుర్రుమనే వేళ. ఇక్కడ నెత్తిన చుక్కలు. దక్షిణాన నేలని ఆనుకుని సన్నటి నీలి వెలుగు, అదే పగలు అనడానికి గుర్తు. దాని పైన ఎరుపు ఉంది. మొదట నా కన్ను నమ్మలేదు. నివురు కింద నిప్పు ఎలా ఉంటుందో అలాంటి ఎరుపు, ఆకాశంలో పావు వంతు. దానిలోంచి చుక్కలు కనబడుతూనే ఉన్నాయి. చూస్తూండగా ఎరుపులోంచి నిలువు చారలు లేచి, తూర్పుకి నడిచి, పైకి పాకి, మసకబడ్డాయి. వాటి అడుగున ఒక్క పచ్చ దారం మెరిసి పోయింది. చప్పుడు లేదు. గదిలోంచి రాజు గొంతు ఒకటే వినిపిస్తోంది, పద్నాలుగు, పదిహేను, పదహారు.

అప్పుడే ఉత్తరం నుంచి చుక్క ఒకటి కదిలి వచ్చింది. మాకు కనబడని సూర్యుడి వెలుగు దానికి అందుతోంది, అందుకని తెల్లగా మెరుస్తోంది. నెత్తి మీదుగా వచ్చి, తిన్నగా ఎరుపులోకి ప్రవేశించింది. నేను లోపలికి పరుగెత్తాను. రాజు తల ఎత్తలేదు. కిటికీ అతని నెత్తి మీదే ఉంది. ఒక్కసారి పైకి చూస్తే కనిపించేది. కన్ను గడియారం మీంచి తీస్తే సెకను తప్పుతుందని చూడలేదు. ఉపగ్రహం దక్షిణాన మునిగిపోయిందని కారి చెప్పాక కూడా ఇంకో నిమిషం చదివి, అప్పుడు ఆపాడు.

“అయిపోయిందా?” అన్నాడు. అయిపోయిందన్నాను. బయటికి వచ్చి ఎరుపును చూశాడు. మిగిలిందంతా కలిపితే చెయ్యెడు ఉంటుంది. అది పోయేవరకు చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం భోజనాల వేళకి పైన అరోరా జోరు తగ్గింది. మళ్ళీ రేడియో ఆఫీసులో కూర్చున్న రాజును బతిమాలి మెస్సుకు తెచ్చాను. రాజు కంచంలో ఏమీ తాకలేదు. తలుపు తోసుకుని ఆర్నే వచ్చాడు. కోటు లేదు, టోపీ లేదు, భుజాల మీద మంచు. అలా రోడ్డు దాటడం అక్కడ ఎవరూ చెయ్యరు. కాగితం ఈసారి తిన్నగా రాజుకే ఇచ్చాడు.

పోలయ్య, మిగతా వాళ్ళు క్షేమం. ఇంజను చెడిపోయి పడవ ఉత్తరానికి కొట్టుకుపోయింది. గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డున పడ్డారు. పడవ పోయింది. మనుషులందరూ ఉన్నారు.

రాజు చదివి నాకిచ్చాడు. “బావా, నువ్వోపాలి సదువు,” అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు, చదివాను. ఆర్నే అప్పుడు చెప్పాడు, ఆ టెలిగ్రాం పొద్దున్నే ట్రోమ్సో చేరిందట. రేడియో చచ్చిపోవడంతో రోజంతా అక్కడే ఆగిపోయింది. రాజు లోయలో అంకెలు చదువుతున్నంతసేపూ పోలయ్య గోపాల్‌పూర్‌లో ఎవరింట్లోనో పొడిబట్టలు కట్టుకుని కూర్చునే ఉన్నాడన్నమాట.

రాజు రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత లేచి గదికి పోయి, నెత్తళ్ళ మూట తెచ్చి, వంటగదిలోకి తీసుకుపోయాడు. వంటవాడికి భాష రాదు, రాజుకి అతని భాష రాదు. మూకుడు చూపించాడు, నూనె చూపించాడు. వేగిన వాసనకి గని పనివాళ్ళు బల్లల మీంచి లేచి వచ్చారు. ఆ మెస్సులో చేపలు తినని మనిషి లేడు, అంత చిన్న చేపలు చూసిన మనిషీ లేడు. ఒక ముసలి పనివాడు తలా తోకా వదలకుండా నమిలి, దీనితో ఏం తాగుతారని అడిగాడు. గంజి అని రాజు చెప్పాడు. ఆర్నే దాన్ని ఏమని అనువదించాడో తెలియదు, అందరూ నవ్వారు. రాజు ఆ పూట నేను తినాల్సింది కూడా తినేశాడు.

అనుకున్న రోజున వచ్చిన విమానంలో అతను వెళ్ళలేదు. అన్నకి టెలిగ్రాం ఇచ్చి, పని పూర్తయ్యేవరకు ఉండిపోయాడు. ఆ తర్వాత కూడా ఆకాశం రెండు మూడుసార్లు తేరుకుంది, ఎరుపు కనబడింది. ఈసారి రాజు బయట నిలబడ్డాడు, అంకెలు నేను చదివాను. చంద్రుడు పెరిగి లోయంతా వెన్నెల నిండేసరికి పెట్టెలు కట్టాం. ఆర్నే విమానాశ్రయం దాకా వచ్చాడు. మళ్ళీ మీ రేవుకి ఓడ మీద వస్తే ఎవరిని అడగాలని అడిగాడు. జాలరిపేటలో పోలయ్య అంటే చాలని రాజు చెప్పాడు.

ట్రోమ్సోలో ఒకరోజు ఆగాం. అక్కడికి ఉపగ్రహం లెక్కల కాగితం వచ్చి ఉంది. కారి తన బల్ల మీద దాన్ని పరిచి, మా కలం గీతను దాని కింద పెట్టింది. సెకన్లు కలిపి జరిపింది. పైన కణాల గీత ఎక్కడ నిటారుగా లేచిందో, కింద ఎరుపు గీత అక్కడే లేచింది. పైన ఎక్కడ పడిపోయిందో, కింద అక్కడే పడిపోయింది. ముగ్గురం ఆ రెండు అంచుల మీద వేళ్ళు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాం. రేడియో గుర్తు ఉన్న రోజున కూడా ఇంత సరిగ్గా రాదు, మీ స్నేహితుడి గొంతు మంచి గడియారం, అంది కారి. ఆమె అంత పెద్ద మాట అనడం నేను వినడం అదొక్కసారే. రాజు సిగ్గుపడి ఎటో చూశాడు.

తిరుగు దారిలో బొంబాయిలో విమానం మెట్లు దిగుతుంటే ఎండ మొహాన కొట్టింది. ఇద్దరం ఒక నిమిషం కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాం, వెనకవాళ్ళు తొయ్యాల్సి వచ్చింది. మద్రాసులో రాత్రి మెయిలు ఎక్కాం. సాంబారన్నం పొట్లాలు తిని రాజు పైబెర్తు ఎక్కాడు. బెజవాడ తెలియలేదు, గోదావరి తెలియలేదు అతనికి. సామర్లకోటలో టీ అమ్మేవాడి కేక కూడా లేపలేదు.

నేను మాత్రం కిటికీ దగ్గర కూర్చున్నాను. అనకాపల్లి బెల్లం బళ్ళు, వరి కోతలయ్యాక మిగిలిన మోళ్ళు, దూరంగా కొండలు, అన్నిటి మీదా ఎండ. ఆ దీవికి వెళ్దామనుకునేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఉన్ని బట్టలు ట్రోమ్సోలో కొనుక్కోండి, చంద్రుణ్ణి చూసుకుని బయలుదేరండి, పచ్చడి రెండు సీసాలు పెట్టుకోండి. వెలుగు చూడ్డానికి వెళ్ళిన మాట నిజమే. చూశాను కూడా, మళ్ళీ చూస్తానన్న ఆశ పెద్దగా లేదు, చూడకపోయినా దిగులు లేదు. కాని దాన్ని తలచుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఎరుపు కాదు. చెక్కగదిలోంచి బయటికి వినిపించిన ఆ అంకెలు.

వాల్తేరులో దిగేసరికి మధ్యాహ్నం. గ్రేస్ తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి తిన్నగా వచ్చింది. ఆమె పక్కన పోలయ్య. చిక్కిపోయాడు. ఉప్పునీళ్ళకి చెంపల మీద చర్మం పొలుసులు లేచి ఇంకా మానలేదు. తమ్ముణ్ణి పైనుంచి కింది దాకా చూశాడు.

“ఏటి, సిక్కిపోనావ్?” అన్నాడు.

రాజు అన్న చెంపల వైపే చూస్తున్నాడు. పోలయ్యే మాట్లాడాడు. పడవ పోయింది, ప్రస్తుతానికి వేరేవాళ్ళ పడవ మీద వెళ్తున్నాను, పడవకి అప్పిచ్చిన బ్యాంకు వాళ్ళు వచ్చి వివరాలు రాసుకుపోయారు, అదే అవుతుందిలే అని చెప్పుకొచ్చాడు. నడిసముద్రంలో ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పి చెప్పి, “మరి అదేదో సూడ్డానికెల్లారు గదా, కనపడిందా?” అని అడిగాడు.

“కనపడింది. ఎర్రగా.”

“దేనికి పనికొస్తాదది?”

నేను ఇంతకు ముందు ఎన్నోసార్లు విన్న సమాధానాలేవీ రాజు చెప్పలేదు. “అదొచ్చినప్పుడు రేడియోలు పోతాయన్నా. ఎందుకొస్తాదో తెలిస్తే, ఎప్పుడు పోతాదో ముందే సెప్పొచ్చు.”

పోలయ్య తల ఊపాడు. “మంచిదే మరి. పడవల్లో రేడియోలు పెడతారని అంటన్నారు,” అని బట్టల పెట్టె భుజానికెత్తుకుని నడక సాగించాడు. ప్లాట్‌ఫారం నిండా జనం. రాజు రెండంగల్లో అతన్ని అందుకుని, చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. పోలయ్య వెనక్కి తిరిగి చూడలేదు, చెయ్యి విడిపించుకోనూ లేదు. గేటు దాటి రిక్షాల దగ్గరికి వెళ్ళేవరకు రాజు ఆ చొక్కా వదల్లేదు.